పులి లెక్క, మేక లెక్క

బొమ్మ సైనికులతో యుద్ధమాడే పద్ధతి మీద హెచ్.జి. వెల్స్ 1913లోనే పుస్తకం రాశాడు. నిర్మల్‌లో బొమ్మలు చెక్కే ఇంట పుట్టిన అన్నదమ్ములకు ఆ పుస్తకంతో పనిపడలేదు. అమ్మకానికి పనికిరాని పొనికి చెక్క బొమ్మలు మూలన బుట్టెడున్నాయి. బల్ల మీద రంపపు పొట్టు గుట్టలుగా పోసి, వేపరెమ్మలు గుచ్చారు. అది జోడేఘాట్ అడవి. అన్నవి నిజాం పోలీసులు, తమ్ముడిది కొమురం భీం దండు. పాచిక అంకెను బట్టి ఎదుటి బొమ్మను పడుకోబెట్టాలి. తుపాకీకి రెండు పాచికలు, బాణానికి ఒకటి. ఇంకేముంది, రోజూ అన్నదే గెలుపు.

"ఏడు బొమ్మలు కూల్చిన!" అని వాడు అరుస్తుంటే తాత లేచాడు. అతుకుల జిగురు కోసం తెచ్చిన చింతగింజల్లో పదిహేను ఏరి, మూడు గులకరాళ్లు తెచ్చి, గచ్చు మీద సుద్దతో పులి-మేక గీశాడు.

"పులులు నీయి. మేకలు నాయి. ఆడు."

అన్న నాలుగు మేకల మీంచి దూకి తిన్నాడు. తాత తొందరపడలేదు. ప్రతి గింజ వెనకా ఇంకో గింజ ఆనించి, పులి దూకి దిగే చోటే లేకుండా చేశాడు. మూడు రాళ్లూ ఇరుక్కుపోయాయి.

"నాలుగు తిన్నవు గద బిడ్డా, ఇగ ఏడికి పోతవు?"

తమ్ముడికి నచ్చలేదు. "అయితే భీం మేకనా తాతా?"

"ఆయన పులేరా. కానీ ఆయన అడిగింది జాగ, పన్నెండు ఊర్ల భూమి. 1940ల ఆయన్ను చంపి, ఆట అయిపోయిందనుకున్నరు పోలీసోళ్లు. మరి అటెన్క సర్కారు గోండుల గోస తెల్సుకోనీకి హైమన్‌డార్ఫ్ దొరనెందుకు తోలింది? పట్టాలెందుకిచ్చింది?"

"తిన్న మేకలు మళ్ల వస్తయా?"

"రావు. అందుకే ఊకె ముందటికి తొయ్యకు."

నీతి: ఎందర్ని కూల్చామన్నది పులి లెక్క, ఎక్కడ నిలబడ్డామన్నది మేక లెక్క. భూమి కోసం సాగే పోరు రెండో లెక్కతోనే తేలుతుంది, పోయిన ప్రాణాలు మాత్రం ఏ లెక్కలోనూ తిరిగిరావు. ఆ పట్టాలు అందరికీ అందలేదు. ఆదిలాబాద్ అడవుల్లో పోడు భూముల కోసం అధికారులతో గొడవలు ఇప్పటికీ తెగలేదు.