విత్తనపు గుమ్మడి

మంచిదానిని మన మనుభవింపవలెనా, రాబోవువారికై దాచి యుంచవలెనా అను ప్రశ్నము మానవజాతియంత ప్రాచీనమైనది. పండితులు దీనిని శాస్త్రగ్రంథములలో విచారించిరి. మేము పండితులము కాము. ఉద్యోగకాలమంతయు జమాఖర్చులు వ్రాసి విశ్రాంతి పొందిన గుమాస్తాలము. మాకు తెలిసినంతలో ఈ ప్రశ్నమునకు తేటయైన సమాధానము తళవాయిపురమువంటి ఊళ్ల పెరళ్లలో ప్రాకెడు గుమ్మడి పాదుకడ దొరకును.

బెండ, బీర, సొర మొదలగు కాయలను లేతగా నున్నప్పుడే కోసి వండుకొందుము. విత్తనము కావలెనన్నచో ఒక కాయను తీగపైననే ముదిరి యెండువరకు విడువవలెను. అట్లు విడిచిన బీరకాయ పీచగును, సొరకాయ బుర్ర యగును, కూరకు పనికిరావు. అక్కడ అనుభవమునకును రక్షణమునకును నిజముగనే వైరము కలదు. కూరకు కొరతగా నున్న యింట “అది విత్తనమునకు విడిచినది, కోయవలదు” అనుట కొంత కఠినమైన మాటయే.

గుమ్మడి తీరు వేరు. బాగుగా పండిన కాయయే పులుసునకు రుచి. ఆ పండిన కాయలోనే విత్తనమును పక్వమై యుండును. గుజ్జు నేటికి, గింజ రేపటికి. ఇది మనలను కోరునది త్యాగము కాదు, ఓర్పు మాత్రమే. తొడిమ యెండి, తొక్క గోటికి లొంగని గట్టిదన మేర్పడువరకు ఆగవలెను. కోసిన పిదప మూడు వారములైనను నీడపట్టున నిలువ యుంచవలెను. ఆ వ్యవధిలో గుజ్జు తీపెక్కును, గింజ బలియును. తొందరపడినవానికి రెండును తక్కువే. ఆడి మాసమున విత్తనము చల్లుట ఇచ్చటి రైతుల పాత అలవాటు. అట్లు నాటిన గుమ్మడి సంక్రాంతి నాటికి ఈ ఓర్పునకు తగిన ఫలము చేతికిచ్చును.

అయినను ఏ కాయను విత్తనమునకు ఉంచవలెనను విచారము మిగులును. మేలైన కాయను అమ్మి, గిడసబారినదానిని విత్తనమునకు ఉంచువారు కలరు. అది రేపటివారికి మన యెంగిలిని మిగుల్చుట. ఇందు ఇంకొక సూక్ష్మము కలదు. గుమ్మడి పాదున మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. వేకువను విచ్చిన పువ్వు పొద్దెక్కినంతనే ముడుచుకొనును. తేనెటీగ పొరుగు పెరటి వేరొక రకపు పుప్పొడిని తెచ్చి చేర్చినను ఈ యేటి కాయలో భేద మేమియు కానరాదు; దాని గింజను నాటినప్పుడు పుట్టిన పాదున మాత్రమే తెలియును. నేటి అశ్రద్ధకు ఫలము మరుతరమున బయటపడుట ఇట్లే కదా! రకమును కాపాడదలచువారు ముందునాటి సాయంకాలమే ఒక మగ మొగ్గను, ఒక ఆడ మొగ్గను దారముతో కట్టి, వేకువను విప్పి, తమ చేతితో పుప్పొడి యద్ది, ఆడపువ్వును మరల కట్టుదురు. ఒకటి రెండు పువ్వులకు ఈ శ్రద్ధ చాలును. తక్కినవానిని తేనెటీగలకే విడువవచ్చును. మన సొత్తును నిలుపుకొనుటకు తోటయంతటికిని గోడ కట్టనక్కరలేదు. తేనెటీగను ద్వేషింప నసలే అక్కరలేదు, అది లేక కాయయే లేదు.

ఈ గుమ్మడి జన్మస్థానము అమెరికా ఖండము. మెక్సికోలోని ఒక గుహలో దొరకిన గుమ్మడిజాతి గింజలు సుమారు 10,000 సంవత్సరముల నాటివని 1997లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 1492 తరువాత నావికుల వెంట ఆ జాతి తక్కిన ఖండములకు చేరినది. తమిళములో దీనికి గల పరంగిక్కాయ అను పేరే పరదేశమును స్ఫురింపజేయును. బూడిద గుమ్మడి మాత్రము ఆసియా ఖండపు పాత కాపు. ఆ రెండింటికిని సంకరము కలుగదు. పేరునకు పరదేశియైన ఆ తీగ పువ్వే నేడు ఆంధ్రదేశమున గొబ్బెమ్మకును, తమిళనాట మార్గళి ముగ్గునకును అలంకారము. విజయనగర కాలమున ఈ ప్రాంతమునకు వచ్చినవారమని మన పెద్దలు చెప్పుదురు. ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్నముకన్న ఏ మట్టిలో విత్తు నిలిచినదను ప్రశ్నమే పెద్దదని గుమ్మడి మనకు నేర్పుచున్నది.

ఇక మా జమాఖర్చునకు వత్తము. ఒక పెద్ద కాయలో వందల కొలది గింజ లుండును. ఒక పెరటికి నాలుగైదు గుంటలు, గుంటకు రెండు మూడు గింజలు చాలును. తక్కినవి దాచినను నాలుగైదేండ్లకు మొలకెత్తు శక్తి సన్నగిల్లును. ఎలుకయో, తేమయో అంతకు ముందే హరింపవచ్చును. పొరుగింట నాటిన గింజ మాత్రము మన యింట విత్తు పోయిననాడు మరల మనకు దొరకును. ఖర్చు వ్రాసిన పద్దే జమయగుట మేము కార్యాలయపు పుస్తకములలో చూచి యెరుగము, ఇచ్చట చూచుచున్నాము. కాయయును అట్టిదే. కోయక యుంచిన నెలల కొలది నిలుచును, కోసిన కొలది దినములే. ఒక యింటివారే తినలేరు గనుక ముక్కలు వీధియంతయు పంచవలెను. కోయంబత్తూరు పరిశోధకుల కో-1 రకపు కాయ ఏడెనిమిది కిలోలు తూగును; కో-2 రకము రెండు కిలోలకు లోపే. చిన్న సంసారములకు చిన్నకాయ సౌకర్యమే కాని, పంచక తప్పదను ఆ తీయని నిర్బంధము దానిలో లేదు.

అంగడిలో సంకర విత్తనపు పొట్లములు దొరకుచుండగా ఈ శ్రమ యేల యని కొంద రడుగుదురు. అమ్మకమునకు పండించు రైతు వానిని కొనుట తప్పు కాదు. కాని వాని సంతతి తల్లిగుణమును నిలుపదు, ఏటేట కొనవలసినదే. విత్తనమును దాచుకొనుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును రైతునకు గల హక్కును 2001 నాటి చట్టము గుర్తించినది. చట్టము హక్కు నీయగలదు, అలవాటు నీయలేదు. అలవాటు ఇంటినుండియే రావలెను. 1949 నుండి 1952 వరకు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన శ్రీ పి. ఎస్. కుమారస్వామిరాజాగారు రాజపాళయములోని తమ యింటినే ప్రజలకిచ్చిరి. అదియే గాంధీ కళామండ్రము. ఇల్లిచ్చినవారి యూరికి సమీపమున నుండి గింజ నిచ్చుటకు వెనుదీయుట మనకు తగునా?

మన యిండ్లలోని తెలుగు మాటయు విత్తనపు గుమ్మడివంటిదే. బిడ్డలు తమిళమున చదివి రాణించుటకును, ఇంట తెలుగు నిలుచుటకును వైరము లేదు. లేతగానే త్రెంపక వాడుకలో పండనిచ్చిన, అది నేటికి రుచియు రేపటికి విత్తునగును. సంక్రాంతికి కూష్మాండదానము మన పూర్వాచారము. రాబోవు పండుగకు పొరుగువారికి, తెలుగువారైనను తమిళులైనను, గుమ్మడి ముక్కతోపాటు ఆ కాయలోని పది గింజలను ఎండబెట్టి, కాగితమున పొట్లము కట్టి యిత్తము.