ఉదయగిరి కృష్ణుడు ఎచటికి వెడలెను?

నెల్లూరు సీమకు పడమట, ఆత్మకూరు దాటి ఉదయగిరికి పోవు యాత్రికునకు దూరమునుండియే కొండయు, కొండపైని దుర్గమును కానవచ్చును. దీర్ఘకాలము ముట్టడించి శ్రీకృష్ణదేవరాయలు 1514వ సంవత్సరమున ఆ దుర్గమును గజపతుల నుండి గైకొనెను. పిమ్మట ఉదయగిరియందు పూజలందుకొనుచున్న బాలకృష్ణమూర్తిని విజయనగరమునకు కొనిపోయి, నూతనాలయము నిర్మించి, 1515లో ప్రతిష్ఠ చేయించెను. హంపియందలి కృష్ణాలయ శాసనము ఈ వృత్తాంతమును తెలుపుచున్నది.

దీనిని విన్న భక్తునకు ఒక సందేహము కలుగుట సహజము. స్వామి రాజు వెంట వెడలిపోయినాడు గదా! నాటినుండి ఈ కొండ కృష్ణుడు లేని కొండయేనా? సందేహము చిన్నదిగా తోచవచ్చును. కాని భగవంతుడు ఒక్కడే యైనచో ఆయనకు ఇన్ని రూపములేల, ఇన్ని రూపములున్నచో ఆయన ఒక్కడెట్లగును, అను మహాప్రశ్న ఇందులోనే ఇమిడియున్నది.

దీనికి తేలికగా చెప్పదగిన సమాధానములు రెండు కలవు. సర్వవ్యాపికి రాకపోకలు లేవు, పోయినది శిల మాత్రమే యనుట మొదటిది. ఇట్లు పలుకువాడు తన యింట సాలగ్రామమునకు నిత్యము తిరుమంజనము ఏల చేయుచున్నాడో చెప్పజాలడు. మూర్తితో పాటు భగవంతుడును వెడలిపోయెననుట రెండవది. ఇట్లు పలుకువాడు సర్వేశ్వరుని ఒక చోట నుండి మరియొక చోటికి మోసికొనిపోదగిన వస్తువుగా తలంచుచున్నాడు. మొదటివాడు రూపమును పోగొట్టుకొనును. రెండవవాడు భగవంతునే పోగొట్టుకొనును.

మన పెద్దలు ఈ రెంటిని అంగీకరింపలేదు. పరము, వ్యూహము, విభవము, అంతర్యామిత్వము, అర్చ అని భగవంతుని స్థితులు ఐదని పాంచరాత్రము బోధించుచున్నది. పిళ్లైలోకాచార్యులు తత్త్వత్రయమున ఈ ఐదింటిని విశదీకరించిరి. ఇవి ఐదుగురు దేవతలు కారు. ఒక్క దేవుని ఐదు ముక్కలును కావు. ఒక దీపమునుండి మరియొక దీపమును వెలిగించినపుడు మొదటి దీపము తరుగదు, రెండవది కొరతపడదు. పరమపదమునందెంత పూర్ణుడో, పల్లెలోని చిన్న గుడియందును స్వామి అంతయే పూర్ణుడు.

ఇందుకు నిదర్శనము ప్రతి గృహమునందును కలదు. ఆచమన సమయమున కేశవ, నారాయణ, మాధవాది నామములను ఇరువది నాలుగింటిని స్మరించుట ఆచారము. ఆ నామములకు చెప్పబడిన మూర్తులన్నియు చతుర్భుజములే. అన్నిట ధరింపబడినవి శంఖ చక్ర గదా పద్మములే. ఏ చేత ఏది యున్నదను క్రమము మాత్రమే వేరు. నాలుగు చేతులలో నాలుగింటిని మార్చి మార్చి యుంచినచో ఏర్పడు క్రమములు సరిగా 24. ధరించువాడు మారలేదు, ధరింపబడునవియు మారలేదు. అయినను మూర్తులు 24, నామములు 24.

తిరుమల యాత్ర చేసిన వారికి మరియొక నిదర్శనము తెలిసినదే. వైఖానసాగమ విధిని అనుసరించి అచట ధ్రువమూర్తి గాక భోగశ్రీనివాసుడు, ఉగ్రశ్రీనివాసుడు, మలయప్పస్వామి, కొలువు శ్రీనివాసుడు కలరు. ఒక్కొక్క మూర్తికి ఒక్కొక్క సేవ. అయినను ఏడుకొండలపై ఐదుగురు వేంకటేశ్వరులు కలరని పలికిన యాత్రికుడు నేటివరకు లేడు. శాస్త్రము చదువని వారికి సైతము ఈ తత్త్వము అనుభవమున తెలిసియే యున్నది.

అట్లయిన రూపభేదము దేనికి? అవసరము భగవంతునిది కాదు, మనది. నెల్లూరున పెన్నా తీరమున ఆయన రంగనాథుడై శయనించియున్నాడు. పెన్నకు దక్షిణమున పెంచలకోనలో అమ్మవారిని పెనవేసికొన్న శిలారూపమున నరసింహుడై వెలసియున్నాడు. భయమున్నవాడు నరసింహుని శరణు వేడును. సంతానము గోరు తల్లి బాలకృష్ణుని ఒడిలోనికి పిలుచును. బిడ్డ ఏ పేరున పిలిచినను పలుకుట తల్లి స్వభావము. ఎవరు ఏ రూపమును శ్రద్ధతో అర్చింపగోరుదురో, వారి శ్రద్ధను ఆ రూపమునందే స్థిరపరతునని గీతాచార్యుడు అభయమిచ్చియున్నాడు.

ఇక రాయల విషయము. ఉదయగిరి విజయానంతరము ఆయన తిరుమలకు వచ్చి 30,000 వరహాలతో స్వామికి కనకాభిషేకము చేసెను. ఆయన భక్తి శంకింపదగినది కాదు. కొనిపోయిన మూర్తిని విజయచిహ్నముగా కోశాగారమున పడవేయలేదు. ఆలయము కట్టి ఆరాధన నడిపెను. అయినను ధర్మదృష్టితో ఒక మాట చెప్పక తప్పదు. రాజునకు ఆనందమును గూర్చిన ఆ ప్రతిష్ఠయే, నిత్యము ఆ స్వామిని సేవించిన వారికి వియోగమైనది. ఒకరి భక్తి మరియొకరి కొలువును శూన్యము చేసినపుడు, అది ఎంత గొప్పదైనను సంపూర్ణము కాదు. భగవంతుడు అంతటను గలడను జ్ఞానము మన వియోగమును ఓర్చుకొనుటకే గాని, ఇతరులకు వియోగము కల్పించుటకు కాదు.

విజయనగరమునందైనను ఆ మూర్తి చిరకాలము నిలువలేదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధానంతరము ఆ నగరము పాడుపడెను. భగ్నమైన ఆ బాలకృష్ణమూర్తి నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమున నున్నది; హంపి కృష్ణాలయ గర్భగృహము ఆ మూర్తి లేక శూన్యముగా నున్నది. దీనిని జూచి భగవంతునికి శక్తి లేదా యని ప్రశ్నించువారు కలరు. అర్చారూపమున స్వామి తనంతట తాను పరాధీనత్వమును స్వీకరించినాడు. మనము నీరు పోసిన స్నానము, నివేదించిన ఆరగింపు, తలుపు మూసిన పవళింపు. మన చేతికి లభించుటయే ఆ రూపము యొక్క మహిమ. చేతికి లభించునది చేయి జారుటకును వీలున్నదే. కావున మూర్తి భగ్నమైనచో తరిగినది ఆయన శక్తి కాదు. తప్పినది మనుష్యుల కర్తవ్యము. జీర్ణోద్ధారణము, కళాకర్షణము, పునఃప్రతిష్ఠ మొదలగు విధులను ఆగమములు విధించుట సైతము ఈ కర్తవ్యమును గుర్తు చేయుటకే.

ఈ విచారము రాజులకు మాత్రమే కాదు, గృహస్థులకును అవసరము. ఒక యింటి ఇలవేల్పు నరసింహుడు. ఆ యింటికి కోడలుగా వచ్చిన పిల్ల పుట్టింట కొలిచినది బాలకృష్ణుని. ఆమె తెచ్చుకొన్న చిన్న విగ్రహమునకు పూజామందిరమున చోటు లేదన్న అత్తగారు, తన నరసింహునికే చోటు తగ్గించుచున్నది. ఆ విగ్రహమును ఆదరముతో చేర్చుకొన్న యింట దేవతలు ఇద్దరు కారు; ఉన్న ఒక్కనికే ఆరాధన రెండింతలగును.

కనుక ఉదయగిరి కృష్ణుడు ఎచటికి వెడలెనను ప్రశ్నకు సమాధానమిది. ఆయన ఎచటికిని వెడలలేదు. అయినను మూర్తి వెడలినపుడు సేవకులు పడిన వ్యథ భ్రాంతి కాదు. అది అర్చావతారముపై వారికి గల ప్రేమకు సాక్ష్యము. తన మూర్తిని ప్రాణముగా సేవించుచు, ఇతరుల మూర్తియందును ఆ స్వామినే దర్శించువాడు భగవంతుని ఏకత్వమును, అనేకత్వమును రెంటిని ఎరిగినవాడు. అట్టివాని యింట శ్రీమన్నారాయణుడు ఏ రూపమునందైనను సుప్రసన్నుడై నిలుచుగాక!