నిప్పు ఆర్పుకునే హక్కు

ఒక పనికి గౌరవం ఎప్పుడు వస్తుంది? దాని అవసరం ఉన్నప్పుడా, అవసరం తీరిపోయాకనా? ఇన్నేళ్ళుగా ఇంటి చాకిరీ గురించి రాస్తూ, మాట్లాడుతూ వచ్చిన నాకు ఈ ప్రశ్న ఇంగ్లండులో ఒక పల్లెటూరి మైదానంలో ఎదురైంది.

2023 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు పాత ఆవిరియంత్రాల మేళా ఉందంటే చూడ్డానికి వెళ్ళాం. ఒకప్పుడు పొలాలు దున్నినవి, నూర్పిళ్ళు చేసినవి, రోడ్లు చదును చేసినవి. డీజిల్ ట్రాక్టర్లు వచ్చాక తుక్కు కింద పోవాల్సినవి. 1950లో ఆపిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఇద్దరు యజమానులు పీపాడు బీరు పందెం కాసి తమ యంత్రాలను పరిగెత్తించారు. 'ఓల్డ్ టైమర్' గెలిచింది, 'లేడీ గ్రోవ్' ఓడిపోయింది. ఆ సరదా తర్వాత దేశమంతా పాకింది.

మేం పొద్దున్నే చేరేసరికి అరవై దాటిన మగవాళ్ళు యంత్రాల ముందు వంగి ఉన్నారు. బూడిద ఎత్తుతున్నారు. గొట్టాల్లో మసి దులుపుతున్నారు. పుల్లలు పేర్చి నిప్పు రాజేసి, పైన బొగ్గు వేస్తున్నారు. బాయిలర్‌ని ఒక్కసారిగా వేడెక్కించకూడదట, ఆవిరి పుట్టడానికి గంటలు పడుతుందట. ఈలోగా గుడ్డముక్కతో ఇత్తడి తుడుస్తున్నారు. ఇవన్నీ మా అమ్మ చేసిన పనులే. చీకటితో లేవడం, బూడిద ఎత్తడం, పొయ్యి రాజెయ్యడం, నీళ్ళు కాచడం, ఇత్తడి తోమడం. ఆవిడ చుట్టూ మాత్రం ఎవరూ మూగి ఫొటోలు తియ్యలేదు.

ఒక పెద్దాయన తన యంత్రాన్ని చూపిస్తూ 'షీ' అనే మాట్లాడాడు. ఇంగ్లీషువాళ్ళు యంత్రాన్ని ఆడమనిషిని చేశారు. మరి మన భాషలో? వదినైనా, రైలైనా 'వచ్చింది'. 'అది' అంటే గేదె కావచ్చు, గడప కావచ్చు, కోడలూ కావచ్చు. అక్కడ యంత్రాన్ని మనిషి పక్కకి ఎక్కించుకున్నారు, ఇక్కడ మనిషిని వస్తువు పక్కకి దించారు.

ఆయన ఇంకో సంగతి చెప్పాడు. బాయిలర్‌లో నీళ్ళు మరీ తగ్గిపోతే, నిప్పుగూడు పైకప్పులో బిగించిన బిరడాలోని సీసం కరిగిపోతుంది. ఆ కన్నంలోంచి ఆవిరి నిప్పుమీదికి చిమ్ముతుంది. ఇక నావల్ల కాదని యంత్రం చెప్పే ఏర్పాటన్నమాట. పైగా ఏటా బాయిలర్ తనిఖీ చేయించుకున్న పత్రం చూపించాలట. మా అమ్మ నలభయ్యేళ్ళు కట్టెలపొగ పీల్చింది. ఆ దగ్గుని ఇంట్లో ఎవరూ జబ్బు అనలేదు.

ఆయనది ఇష్టం, అమ్మది నిర్బంధం, అదే తేడా అనుకుంటే సులువే. కానీ 'ఇష్టం' అన్నమాట నమ్మదగ్గది కాదు. "మీకు చేసిపెట్టడం నాకు ఇష్టమే" అని అమ్మ కూడా అనేది. అది అబద్ధమూ కాదు. అసలు తేడా ఇష్టంలో లేదు. సాయంత్రం ఆయన నిప్పు దించేసి వెళ్ళిపోతే ఎవరూ పస్తుండరు. ఏడాది పాటు యంత్రాన్ని ముట్టుకోకపోయినా ఎవరూ ఏమీ అనరు. అమ్మకి ఒక్కపూట కూడా ఆ వీలు లేదు.

పెద్ద యంత్రాల తర్వాత చేత్తో చేసిన చిన్న నమూనాల డేరా చూశాం. ఈ విద్యలో ఎంతో పేరు పొందిన వాళ్ళలో చెర్రీ హిల్ అనే స్త్రీ ఉంది. మరుగున పడిన పాత యంత్రాలను పదహారో వంతు కొలతలో, బోల్టుతో సహా తయారుచేసింది. ఒక్కో నమూనాకి ఏళ్ళు పట్టేవి. లండన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థకి కొన్నింటిని ఇచ్చేసింది. ఆ నైపుణ్యం కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆ కాలం. ఎవరి ఆకలీ తీర్చని పనికి ఒక స్త్రీ అన్నేళ్ళు తన సొంతంగా ఉంచుకోగలిగింది. రాసుకునే ఆడవాళ్ళం మనకి ఆ విలువ తెలుసు. "దీనివల్ల ఎవరికి ఉపయోగం?" అన్న ప్రశ్న మనందరం విన్నదే.

అంతమాత్రాన అవసరమైన పని తక్కువదని కాదు. ఆవిరియంత్రం కూడా పొలంలో ఉన్న రోజుల్లో, దాన్ని నడిపినవాడు మసిబట్టల కూలివాడే. పని అవసరం తీరిపోయాక అది వారసత్వమైంది. మన తిరగలికీ అదే గతి పట్టింది. నేను చూసిన ఒక పల్లె ప్రదర్శనలో తిరగలి పక్కన ఆడమనిషి మట్టిబొమ్మని కూర్చోబెట్టారు. విసిరిన మనిషి పేరు లేదు, ఆవిడ భుజం నొప్పి మాట అసలే లేదు.

ఇంటిపని ప్రదర్శనశాలకి చేరాక దొరికే గౌరవం నాకు అక్కర్లేదు. పని జరుగుతుండగానే, చేసే మనిషి బతికుండగానే అది కావాలి. గౌరవమంటే పొగడ్త కాదు. ఆవిడ ఊపిరితిత్తుల్ని పరీక్ష చేయించడం. ఆ పనిని వంతులవారీగా పంచుకోవడం. ఆవిడ ఒకరోజు పొయ్యి వెలిగించనంటే, ఎందుకని అడగకుండా ఇంకొకరు లేచి వెలిగించడం.