పత్రిక చేతులు మారినప్పుడు

ఇల్లు కొన్నవానికి గోడలు, కప్పు, పెరడు సంక్రమించును. ఆ యింటివారియెడ ఇరుగుపొరుగులకు గల నమ్మకము మాత్రము సంక్రమింపదు. దానిని కొత్తవాడు తన నడవడిచే సంపాదించుకొనవలసినదే. ఒక వైద్యపత్రిక ఒక ప్రచురణకర్త చేతినుండి మఱియొకని చేతికి పోవునప్పుడును ఇట్టి ప్రశ్నయే పుట్టుచున్నది. పేరు, పాత సంపుటములు, చందాదారుల పట్టిక, ఇవి క్రయపత్రమున వ్రాయదగినవి. చదువరుల విశ్వాసమును అందు చేర్చుటకు ఎవరికి అధికారము కలదు?

ఇది వైద్యుల గొడవ, గృహస్థులకేల యని కొందఱు అనవచ్చును. వైద్యుడు మన బిడ్డకు వ్రాసియిచ్చు మందు అతడు చదివిన చదువును అనుసరించియుండును. ఆ చదువు కలుషితమైనచో ఆ కలుషము మన యింటి గిన్నెలోనికే వచ్చును. కావున మనమును ఆలోచింపవలసియున్నది.

1823వ సంవత్సరమున లండను నగరమునందు థామస్ వేక్లీ యను శస్త్రవైద్యుడు లాన్సెట్ అను పత్రికను స్థాపించెను. ఆసుపత్రులలోని బంధుప్రీతిని, అసమర్థతను అది నిర్భయముగా బయలుపఱచెను. 1851 మొదలు 1854 వఱకు ఆహారపదార్థములను పరీక్షింపించి, కల్తీసరకు అమ్మిన వర్తకుల పేర్లను చిరునామాలతో సహా ప్రకటించెను. అట్టి పత్రిక 1991లో హాలండు దేశపు ఎల్సెవియర్ సంస్థ వశమయ్యెను. 1993లో ఆ సంస్థ ఇంగ్లండులోని రీడ్ సంస్థతో కలిసిపోయెను. కొంతకాలమునకు ఈ ఉమ్మడి సంస్థయొక్క మఱియొక శాఖ ఆయుధముల ప్రదర్శనలు నడుపుచున్నదని తెలియవచ్చెను. ఒక చేత గాయములకు చికిత్స నేర్పుచు, రెండవచేత గాయములు చేయు సాధనములకు సంత కూర్చుట! 2005లో లాన్సెట్ సంపాదకులు తమ యజమానులను తమ పత్రికలోనే నిలదీసిరి. వైద్యులును, చదువరులును గొంతు కలిపిరి. 2007 జూన్ మాసమున ఆ సంస్థ ఆయుధప్రదర్శనలనుండి తొలగెదమని ప్రకటించెను.

ఇక రెండవ యుదాహరణము. ఆస్ట్రేలియా దేశమున 1914 నుండి మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియా వెలువడుచున్నది. 2015లో ఆ దేశపు వైద్యసంఘమువారి ప్రచురణశాఖ పత్రికను తయారుచేయు పనిని ఎల్సెవియర్ సంస్థకు అప్పగింప నిశ్చయించెను. సంపాదకుడైన స్టీఫెన్ లీడర్ ఆక్షేపించెను. ఆయనను పదవినుండి తొలగించిరి. సలహామండలిలోని పెద్దలు పెక్కుమంది రాజీనామా యిచ్చిరి. వారి శంక నిరాధారము కాదు. ఆ సంస్థయొక్క ఆస్ట్రేలియా శాఖ 2000, 2005 సంవత్సరముల నడుమ ఔషధవ్యాపారుల ధనముతో ఆఱు ప్రచురణములను వైద్యపత్రికల వేషమున వెలువరించి, ధనమిచ్చినవారెవరో చదువరులకు తెలుపలేదు. 2009లో ఈ సంగతి బయటపడగా సంస్థవారే తప్పు ఒప్పుకొనిరి.

యజమానుల మాటయు వినదగినదే. పత్రిక నడపుటకు ధనము కావలయును. నష్టముపాలై మూతపడిన పత్రిక ఏ రోగిని కాపాడును? ప్రచురణకర్తను మార్చుట స్వయముగా పాపము కాదు. రెండు ఉదాహరణములందును సంస్థ యొక్కటే యని చదువరులు గమనింపవలెను. భేదమెల్ల వేఱొకచోట నున్నది. సంపాదకుడు యజమానిని తప్పుపట్టి, మఱునాడు తన కుర్చీలో కూర్చుండగలిగెనా లేదా? లండనులో కూర్చుండగలిగెను, ఆస్ట్రేలియాలో కూర్చుండలేకపోయెను. మా తలంపున పత్రికయొక్క శీలమునకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు.

పూర్వము పుణ్యాత్ములు సత్రములు కట్టించి ధర్మకర్తలకు అప్పగించిరి. ధర్మకర్త మారవచ్చును, వంటవాడు మారవచ్చును; బాటసారికి పెట్టు అన్నమునందు మాత్రము మార్పు ఉండరాదు. వైద్యపత్రికకు యజమానియు అట్టి ధర్మకర్తయే. లెక్కలు చూచుట, అప్పులు తీర్చుట, ముద్రణాలయమును ఎన్నుకొనుట ఆయన హక్కు. ఏది సత్యముగా ప్రకటింపవలయునో నిర్ణయించుట ఆయన హక్కు కాదు. కావున పత్రిక చేతులు మారుటకు ముందే ఒడంబడిక షరతులు చదువరులకు తెలియవలయును. సంపాదకుని స్వాతంత్ర్యము వ్రాతమూలముగా నుండవలయును. ఆయనను తొలగించు అధికారము లాభనష్టములు లెక్కించువారి చేతిలో మాత్రమే యుండరాదు.

మన కర్తవ్యమును మఱువరాదు. చందా కట్టుటకు వెనుదీసి, పత్రిక వ్యాపారుల వశమైనదని వగచుట న్యాయము కాదు. రాత్రివేళ జ్వరపు బిడ్డకు చెంచాతో మందు పోయు తల్లి ఆ సీసామీది అక్షరములను నమ్ముచున్నది. ఆమె ఏ వైద్యపత్రికను చూచి యుండదు, ఏ క్రయపత్రముమీదను సంతకము చేసియుండదు. అమ్మకమున ఆమె నమ్మకమునకు వెల కట్టకుండ చూచుట చదువుకొన్నవారి బాధ్యత.