బావుంటే నువ్వొచ్చి అలుకు

ఉట్టి అన్న మాటే వినని వాళ్ల ఇళ్లలో కూడా ఇప్పుడు ఉట్లు వేలాడుతున్నాయి. వాటి కొత్త పేరు మాక్రమే హ్యాంగర్. ఒకప్పుడు పిల్లికీ, చిన్నపిల్లలకీ అందకుండా పెరుగు కుండని పైకెత్తిన తాళ్లు ఇవాళ బాల్కనీలో మనీప్లాంటుని మోస్తున్నాయి. విసుర్రాయి మీద గాజుపలక వేస్తే కాఫీ టేబుల్. ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి నాలుగు బంతిపూలు వదిలితే గుమ్మం దగ్గర 'రస్టిక్ కార్నర్'.

ఇందులో వెక్కిరించడానికేమీ లేదు. జీతంలో సగం అద్దెకి పోయాక, మేకు కొట్టడానికి కూడా ఓనర్ ఒప్పుకోని రెండు గదుల్ని ఇల్లులా మార్చుకోవాలనుకోవడం తప్పెలా అవుతుంది? నాకు తోచే ప్రశ్న వేరు. పల్లెటూరి ఇంటి సాదాతనాన్ని తక్కువ ఖర్చులో తెచ్చుకుందాం అంటున్నాం. ఆ సాదాతనం అసలు ఎప్పుడైనా చవగ్గా దొరికిందా?

మా అమ్మమ్మ వాళ్లది విజయనగరం వైపు పల్లె. మట్టిగోడలు, పెంకుల కప్పు, మట్టినేల. వారం వారం పేడా ఎర్రమన్నూ కలిపి నేల అలికేది. పండగొస్తే గోడలకి సున్నం, అడుగున జేగురు పట్టీ, గడపకి పసుపు. రోజూ తెల్లారకుండానే వాకిట్లో కల్లాపి, ముగ్గు. డబ్బుల్లో లెక్కేస్తే వీటి ఖరీదు దాదాపు సున్నా. పేడ ఇంటి గొడ్లది, మన్ను ఊళ్లోది. కానీ గొంతుక్కూర్చుని ఆ మూల నుంచి ఈ మూలకి చెయ్యి తిప్పుతూ జరిగే నడుముని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. వానాకాలంలో నేల ఓ పట్టాన ఆరదు. ఆరేలోపు ఎవరో ఒకరు తొక్కుతారు. మళ్లీ అలకాలి.

చేతిలో నాలుగు డబ్బులు పడగానే ఆవిడ చేసిన మొదటి పని, నేలకి సిమెంటు గచ్చు చేయించడం. సెలవులకి వచ్చిన మా పిన్ని కొడుకు తెగ బాధపడిపోయాడు. "అయ్యో, ఆ మట్టినేల ఎంత బావుండేది అమ్మమ్మా!" అన్నాడు.

"బావుంటే నువ్వొచ్చి అలుకు నాయినా" అంది.

అక్కడితో అయిపోలేదు. గచ్చు వేశాక అలకడం మానేసింది గానీ ముగ్గు మానలేదు. కొత్త గచ్చు మీద కూడా తడిపిండితో చుక్కలు పెట్టేది. అంటే అలుకు అవసరం, ముగ్గు ఇష్టం. ఫొటోలో చూస్తే రెండూ ఒకే అందంలో భాగాలు. బతికినవాళ్లకి మాత్రం ఒకటి వదిలించుకోవాల్సిన చాకిరీ, ఇంకొకటి చేతనైనంత కాలం వదులుకోకూడని పని. 'పాతకాలం వాళ్లు ఎంత సింపుల్‌గా బతికారో' అని మనం మురిసిపోయేటప్పుడు ఈ రెంటినీ ఒక్క గాట కట్టేస్తున్నాం. వాళ్ల లేమిని అభిరుచి అంటున్నాం.

కావాలని ఎంచుకున్న సాదాతనం కూడా ఉంది, నిజమే. 1936లో గాంధీ సేవాగ్రామ్‌లో ఉండటానికి వెళ్లినప్పుడు, తన ఇంటికి 500 రూపాయలు మించకూడదన్నాడు. అక్కడ మీరాబెన్ మట్టిగోడ మీద తాటిచెట్లనీ, రాట్నాన్నీ ఉబ్బెత్తుగా తీర్చింది. అంతకంటే చవకైన అలంకరణ ఉండదు. కానీ ఆ జీవితానికి నైతికమైన బరువు వచ్చింది ఆ 500 వల్ల కాదనుకుంటాను. ఊడవడం దగ్గర్నుంచి పాయిఖానా కడగడం దాకా అక్కడుండేవాళ్లే చేసుకోవాలన్న నియమం వల్ల వచ్చింది.

ఇంకో దారి లారీ బేకర్‌ది. తిరువనంతపురంలో ఆయన కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాల్లో చాలా గోడలకి పూత లేదు, ఇటుకలు ఇటుకల్లాగే కనిపిస్తాయి. పూతే లేనప్పుడు ఏటేటా సున్నాలూ రంగులూ వేసే పనీ లేదు. ఇటుకల మధ్య ఖాళీలు వదిలి పేర్చిన జాలీగోడే కిటికీ, గాలి, ఎండపొడ, అలంకరణ కూడా. మిగిలింది డబ్బు మాత్రమే కాదు, రేపు ఎవరో పడాల్సిన చాకిరీ కూడా.

మన ఫ్లాట్లలో దీనికి తలకిందులుగా జరుగుతోంది. ఇత్తడి నల్లబడుతుంది. దాన్ని చింతపండు పెట్టి తోమాలి. వెదురు తడకల సందుల్లో దుమ్ము చేరుతుంది, జనపనార రగ్గుని దులపాలి. మనం శనివారం ఆర్డర్ పెడతాం, సోమవారం పనావిడ వచ్చి గంగాళం ముందు గొంతుక్కూర్చుంటుంది. ఒప్పుకున్న జీతంలో గంగాళం లేదు. అమ్మమ్మ గచ్చు చేయించుకుని తప్పించుకున్న పనిని డిస్కౌంట్‌లో కొని తెచ్చి ఇంకొకావిడ చేతిలో పెడుతున్నాం. రోడ్డు పక్కన కుండలమ్మే ముసలాయన దగ్గర 20 రూపాయలు తగ్గించమని బేరమాడితే అదీ 'బడ్జెట్'లోకే వస్తుంది. ఒకరి సాదాతనానికి ఇంకొకరు కడుతున్నారు.

విసుర్రాయి టేబులైందని నేను బాధపడను. ఇన్నేళ్లు తిరిగింది, ఇక కూర్చోనీ. దాన్ని తిప్పిన భుజాలకీ ఆ విశ్రాంతి దొరికిందా అన్నదే అడుగుతాను. పాత వస్తువు ఇంట్లో ఉండాలా వద్దా అన్నది రుచికి సంబంధించిన తగువు, తేలదు. దాన్ని ఎవరు తుడుస్తున్నారన్నదానికి మాత్రం ఏ ఇంట్లోనైనా జవాబుంటుంది.

అందుకే ఏదైనా కొనేటప్పుడు ధరతో పాటు ఆ లెక్క కూడా వేస్తాను. ఇత్తడి తేలేదు. ఒక తుంగచాప, కిటికీకి నేత దుప్పటి, తాగే నీళ్లకి బేరమాడకుండా కొన్న కుండ. ఆదివారం ఇల్లు తుడిచేది నేనే. తుడిచేటప్పుడు ఏ వస్తువు దగ్గర విసుగొస్తుందో అది వచ్చే ఆదివారానికి ఎవరికో ఒకరికి వెళ్లిపోతుంది. అలా పోగా మిగిలినవే మా ఇంటి డెకరేషన్.