మమ యను మాట



మన యిండ్లలో నే శుభకార్యము తలపెట్టినను మొట్టమొదట జరుగునది సంకల్పము. పురోహితుఁడు దేశమును జెప్పును, కాలమును జెప్పును. సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము వరుసగాఁ బేర్కొనును. పిదప యజమానుని గోత్రమును, నామధేయమును బలికించును. కట్టకడపట నీ కర్మము దేనికొఱకుఁ జేయఁబడుచున్నదో చెప్పును. ఈ పద్ధతిని గల్పించిన పూర్వులు సామాన్యులు కారు. ఎవఁడు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అను నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పక యే కార్యమునకుఁ బూనుకొనరాదని వారి యభిప్రాయము కాఁబోలును. వీనిలోఁ గడపటి ప్రశ్నయే ప్రాణము. తక్కిన వానికిఁ బంచాంగము చూచియైనను సమాధానము చెప్పవచ్చును.

కాని జరుగుచున్న దేమి? ఆ ప్రయోజనమును గూడఁ బురోహితుఁడే చెప్పుచున్నాఁడు. యజమానుఁడు వీథివంకఁ జూచుచు, వచ్చిన చుట్టములను గన్నులతోనే పలుకరించుచు, ఆయన యాగినచోట "మమ" యనుచున్నాఁడు. మమ యనఁగా నాది యని యర్థము. ఈ కోరిక నాది, దీని భారమును నాదియే యని యొప్పుకొనవలసిన మాట యది. అట్టి మాటకు మన తెలుఁగునఁ బట్టిన గతి చూడుఁడు! శ్రద్ధలేక యేదో యొకవిధముగాఁ బని ముగించుటకు "మమ యనిపించుట" యని పేరు వచ్చినది. నిఘంటువు లొక్కొక్కప్పుడు ధర్మోపన్యాసములకంటె నిష్ఠురముగా మాటలాడును.

నేను కర్మకాండమును గూర్చి వాదింప రాలేదు. పీటలమీఁద జరుగునదియే మన జీవితములందును జరుగుచున్నదని చెప్పుట నా యుద్దేశము. బాలుఁడు పరీక్షకుఁ బోవ సంకల్పించును. ఏల యని యడిగినచోఁ దండ్రి చెప్పెననును. తండ్రి నడుగుఁడు, ఎదురింటివారి కుమారుఁడు పోయెననును. ఎదురింటివారి నడిగినచో వారు మరల వీరి యింటివైపే చూపుదురేమో! యువకుఁ డుద్యోగమును గోరును, గృహస్థుఁడు మేడను గోరును, సంస్కారప్రియుఁడు సభ స్థాపింపఁ గోరును. కోరుట తప్పు కాదు. ఆ కోరిక తన హృదయమునఁ బుట్టినదో, పరుల నోట విని తాను "మమ" యన్నదో విచారింపకుండుటయే లోపము. ఎరవు తెచ్చిన నగ పెండ్లినాఁటి రాత్రివఱకే మెడలో నుండును.

కఠోపనిషత్తులోని కథ మీ రెఱిఁగినదే. వాజశ్రవసుఁడు సర్వస్వమును దానము చేయు యజ్ఞమును దలపెట్టెను. లక్ష్యము గొప్పదియే. కాని యాయన దక్షిణగాఁ దోలించిన గోవులు ముదిసి, వట్టిపోయి, యిఁకఁ జూడికట్టనివి. సంకల్పములో స్వర్గ మున్నది. ఇచ్చుటకు మనస్సు మాత్రము లేదు. పసివాఁడైన నచికేతుఁడు దీనిని జూచి, నన్నెవరి కిత్తువని తండ్రిని మఱల మఱల నడిగెను. తండ్రి కోపించి, మృత్యువున కిచ్చితి ననెను. బాలుఁడు యముని యింట మూఁడు రాత్రులు నిరాహారుఁడై యుండి మూఁడు వరములు సంపాదించెను. మూఁడవ వరముగా, మరణించిన పిదప నాత్మ యున్నదో లేదో తెలుపు మనెను. యముఁడు పుత్రపౌత్రులను, ఏనుఁగులను, గుఱ్ఱములను, బంగారమును, కోరినంత యాయువును జూపి, యా ప్రశ్న విడువు మనెను. లోకము లక్ష్యములని పిలుచునవన్నియు నా పట్టికలో నున్నవి. బాలుఁడు, అవి రేపటివఱకే నిలుచునవని చెప్పి, యడిగిన దానినే మఱల నడిగెను. తండ్రి యజ్ఞము లోకమునుండి తెచ్చుకొన్నది. కుమారుని ప్రశ్న తనలోనుండి వచ్చినది. భేద మింతియే.

ఇది ప్రాచీనగాథ యనువారికి మన గోదావరీతీరముననే మఱియొక సాక్ష్యము కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆయన వాదము విని సరియే యన్నవారు పెక్కండ్రు. వెలి యను మాట చెవిఁ బడఁగానే ప్రాయశ్చిత్తమునకుఁ బరుగెత్తినవారును గలరు. వారిని దుర్మార్గు లనుట న్యాయము గాదు. వారి బుద్ధి యొప్పుకొన్నది. బాలవితంతువు దుఃఖము మాత్రము వారికిఁ దమ యింటి దుఃఖము కాలేదు. అందుచేత వెల యడిగిన క్షణమునఁ జేయి వెనుకకుఁ బోయినది.

వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు మానివేసిరి. అప్పుడు పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి తెచ్చి వంట చేసిరి. వేదికలపై నుపన్యసించిన దామె కాదు. శాస్త్రచర్చలు చేసిన దామె కాదు. ఆ యుద్యమమునకు లోకము పెట్టిన పేరు భర్తదియే. అయినను బిందె చంక కెత్తికొన్నప్పు డా సంకల్ప మెవరిది? ఒరుల సంకల్పముకొఱ కొక్క బిందె మోయవచ్చును. ఊరు గిట్టక చూచుచుండఁగాఁ బెండ్లియింటికంతకుఁ జాలునన్ని బిందెలు మోయుట, లోపలఁ దనదైన కారణము లేనివారికి సాధ్యమా? చరిత్రకారు లుపన్యాసముల తేదీలను జక్కఁగా వ్రాసిపెట్టుదురు. బిందెల లెక్క వ్రాయువాఁడు లేఁడు.

ఈ తనదైన కారణమును గనుఁగొనుట యెట్లని మీరడుగవచ్చును. నాకుఁ దెలిసిన యుపాయ మొక్కటియే. ఏల యని యడిగి, వచ్చిన సమాధానమును మఱల నేల యని యడుగుట. ఒక గృహస్థుఁడు కుమార్తెను జదివింప నిశ్చయించుకొన్నాఁ డనుకొనుఁడు. ఏల? కాలమట్టి దనును. అది యెరవు మాట. మఱల నడిగిన, మంచి వరుఁడు దొరకునను. అది సగ మెరవు. ఇంకను విడువక యడిగిన, ఆయన కొంతసే పూరకుండి, "మా యక్కకు వచ్చిన యుత్తరము చదివించుకొనుటకు నామె పొరుగువారి వాకిట నిలుచుండెడిది" యనును. అక్కడ నాగుఁడు. అంతకు మునుపు పలికినది కంఠము. ఇప్పుడు పలికినది మనిషి. రుసుము కట్టుటకుఁ జేతిలో సొమ్ము లేని నెలలో నాయనను నిలుపునది కాలమహిమ కాదు, ఆ వాకిట నిలుచున్న యక్కయే.

నాదియైనదెల్ల మంచిదియా యని కొందఱాక్షేపింతురు. ఆ యాక్షేపణము సరియైనదే. కీర్తికాంక్షయు నాదియే, అసూయయు నాదియే. అందుచేతనే లోపలి కారణమును వెలుతురునకుఁ దెచ్చి చూడవలయును. సభ స్థాపించువాఁడు, అధ్యక్షపీఠమున మఱియొకఁడు కూర్చున్నను దాను వచ్చి చాప పఱచునా యని తన్నుఁ దా నడిగికొనవలయును. (ఈ ప్రశ్న సభలవారి కంత ప్రియమైనది కాదు.) కీర్తి కొంత కలిసియున్నదని తెలిసినంతమాత్రమునఁ బని మానివేయ నక్కఱలేదు, తెలిసియుండిన నది యజమాని కాఁజాలదు.

మఱికొందఱికి నెంత యడిగినను సమాధానము దొరకదు. అట్టివారిలో రెండు తెఱఁగులవారు గలరు. కొందఱికిఁ బని ప్రారంభించిన పిమ్మటఁగాని కారణము కనఁబడదు. వారు కొంతకాలము చేసి చూచుట మంచిది. పనిలోఁ జాలకాలము గడిపియు లోపల నేమియుఁ గానని వారు, ఇది నాది కాదని చెప్పి విడుచుటయే సత్యము. ముఖ్యముగా మన బాలురకు నీ స్వాతంత్ర్యము కావలయును. తాను జదువుచున్న చదువు తనది కాదని కుమారుఁడు వచ్చి చెప్పినపుడు తండ్రులు తొందరపడి కోపింపకుందురు గాక. వాజశ్రవసుఁ డొక్క ప్రశ్నకుఁ గోపించి కుమారుని మృత్యువున కిచ్చెను. ఆ బాలుఁడు యముని మొదటి వరముగా నడిగినది ఆత్మజ్ఞానము గాదు. తాను తిరిగి యింటికిఁ బోవునప్పటికిఁ దండ్రి కోపము చల్లారి, తన్ను గుర్తుపట్టి పలుకరింపవలయు ననియే.