ఆగి ఉన్న కారు, దిగిపోయే బ్యాటరీ

చిత్తూరు వైపు నుంచి రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రికి వైద్యానికి వచ్చేవాళ్లలో కారును లాడ్జి దగ్గర వారాల తరబడి వదిలేసేవాళ్లు ఉంటారు. గుడియాత్తంలో ఇంటికి తాళం పెట్టి ఊరెళ్లేవాళ్ల కార్లదీ ఇదే పరిస్థితి. ఇంజన్ ఆపి తాళం చెవి తీసేశాక కూడా బ్యాటరీ ఎందుకు దిగుతుందని అడుగుతారు. గడియారం, అలారం, లోపలి కంప్యూటర్ కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల చిన్న కారు బ్యాటరీ నెల తిరిగేసరికి ఖాళీ. ఇంజన్ అంతకు ముందే మొరాయిస్తుంది. పైగా 40 డిగ్రీలు దాటే వేలూరు వేసవిలో బ్యాటరీ తనంతట తానే త్వరగా దిగుతుంది. దిగినదాన్ని అలాగే వదిలేస్తే సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, తర్వాత ఎంత చార్జి చేసినా పాత బలం రాదు. రోగిని ఎక్కించుకుని ఇంటికి బయల్దేరే రోజున కారు కదలకపోతే ఆ ఇంటివాళ్లు పడే అవస్థ చిన్నది కాదు.

రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తే సరిపోదా అంటారు. నిలిపిన చోటే తిరిగే ఇంజన్ ఇచ్చే చార్జి తక్కువ, దిగిన బ్యాటరీ దాన్ని ఎక్కించుకునేదీ నెమ్మదిగానే. వారానికోసారి అరగంటకు పైగా రోడ్డు మీద నడపడం మేలు. నడిపే మనిషి లేకపోతే బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయండి. గడియారం మళ్లీ సరిచేసుకోవాలి, అలారమూ మోగదు, నిజమే. అందుకే కాపలా ఉన్న నీడలో నిలపండి. తీగ తీసే ముందు కారు తాళం చెవి బయట ఉందో లేదో చూసుకోండి, కొన్ని కార్లలో బ్యాటరీ తీగ తీశాక డిక్కీ తెరుచుకోదు.